మచ్చలు లెక్కపెట్టిన ఏండ్లు

ఈ వేసవిలో, నాతోపాటు ఉద్యోగం చేసి రిటైరైన టీచరొకామె నా ఫోనుకు ఒక సందేశం పంపింది. సూర్యుడి మీద మచ్చలు పెరిగాయనీ, ఈ ఎండలన్నిటికీ అదే కారణమనీ ఎవరో ధీమాగా రాశారు. చదివినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అంతే ధీమాగా ఆ మాట ఒకప్పుడు నేనూ చెప్పాను మరి.

ఎనభైల్లో గద్వాలలో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, మగ్గాలతో నిండిన అత్తగారింట్లో పొద్దున్నే వంట ముగించి మిద్దె ఎక్కి, బడిలో మూలపడిన పాత దుర్భిణి గుండా ఎండను తెల్ల అట్ట మీదికి పట్టి, అక్కడ పడిన సూర్యబింబంలోని నల్లమచ్చలను లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మధ్యాహ్నం బడి వరండాలో స్తంభానికి వేలాడే థర్మామీటరు చూసి ఆ అంకె పక్కన వేసేదాన్ని. మగ్గం దిగి వాకిట్లోకి వచ్చిన మా అత్త, "పొద్దుగాల్నే మిద్దె మీద ఏం పనే? సూర్యుని మొకం మీద మచ్చలెంచి ఏం జేస్తవు?" అని నవ్వేది. మొదట్లో మచ్చలు కనబడటమే అరుదు; తర్వాత తర్వాత గుంపులుగా రాసాగాయి, వరండాలో వేడి కూడా రెండు మూడు డిగ్రీలు పెరిగింది. పెద్ద రహస్యమేదో నా చేతికి చిక్కిందని నేను ఆగలేకపోయాను.

కోడేరులో సేద్యం చేసే మా పెద్దన్న ఆ వేసవిలో చూడవచ్చాడు. అంతకు ముందు ఏడు వాన మొహం చాటేసి, ఆముదాలు ఎండిపోయి, మనిషి దిగులు మీద ఉన్నాడు.

"చెల్లె, నీ సూర్యుడు ఏమంటుండు ఈయేడు?" అని అడిగాడు.

"ఇంకా మండుతడన్నా. మచ్చలు పెరుగుతనే ఉన్నయి. వానను నమ్మి విత్తనం పారబోసుకోకు" అన్నాను.

మచ్చలను చూసి వేడిని చెప్పడమే తొందర, వేడిని చూసి వానను చెప్పడం ఇంకా తొందర. అన్న మాత్రం చదువుకున్న చెల్లెలి మాటని నమ్మాడు. భూమిని విత్తకుండా పడావు పెట్టి, వదిన కుడితి పోసి సాకిన ఎడ్లను అంగడికి తోలి, ఆమెను తీసుకుని కాలువ తవ్వే పనులకు వలస వెళ్లిపోయాడు.

మృగశిర ముగియకముందే వాన పట్టుకుంది. బడి కిటికీలోంచి ఆ వానను చూస్తూ పాఠం మధ్యలో ఆగిపోయేదాన్ని. ఇంట్లో కూర్చోలేను, లేచి తిరగలేను. చివరికి నాకు కాలేజీలో చదువు చెప్పిన సారుకు నా లెక్కలన్నీ రాసి పంపాను. ఆయన సూటిగా జవాబు రాశారు. మచ్చలు హెచ్చినప్పుడు సూర్యుడి వెలుగు హెచ్చే మాట నిజమే కానీ ఆ తేడా వెయ్యిలో ఒక వంతు, దానివల్ల భూమ్మీద మారే వేడి డిగ్రీలో పదో వంతు, అది నీ థర్మామీటరుకు అందదు, ముందు దాని ఎదురుగా ఏముందో చూడమన్నారు. చూశాను. మచ్చలు పెరిగిన ఏడే వరండా ముందు సైకిళ్ల కోసం రేకుల షెడ్డు వేశారు. నేను రాసుకున్నదంతా ఆ రేకుల సెగ.

అన్నావదినలు తిరిగిరాగానే కోడేరు బస్సెక్కాను. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గడప దగ్గరే మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. అన్న ఖాళీ ఎడ్ల కొట్టం వైపు చూసి, "నీ ఒక్కదాని తప్పు గాదు చెల్లె. ఏదో ఒక జవాబు కోసం నీ కాడికొచ్చింది నేను" అన్నాడు. వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు నాతో మాట్లాడలేదు. బాడుగ ఎడ్లతో దున్నుకుని అన్న మెల్లగా ఒక జత కొనుక్కున్నాక, ఒక ఏరువాక ముందు ఆమే వచ్చి నా పక్కన కూర్చుని, ఈసారి వాన ఎట్లుంటదని అడిగింది.

"నాకు తెల్వదు వదినా" అన్నాను.

"గా ముక్క అప్పుడే అంటే అయిపోతుండె గద" అంటూ నా చేతిలో జొన్నరొట్టె పెట్టింది.

అప్పటి నుంచి సూర్యుడి మీద మచ్చలు మూడు మార్లు నిండుగా వచ్చాయి, మళ్లీ తరిగాయి. ఎండలు మాత్రం తరగలేదు. అవి మనం కాల్చే బొగ్గు, పెట్రోలు పొగ తెచ్చినవని కొలిచినవాళ్లంతా చెబుతున్నారు. అప్పట్లో కోడేరులో పొద్దు వాలితే అరుగు చల్లబడేది, ఇప్పుడు దీపాలు పెట్టిన తర్వాత కూడా గోడను ఆనుకోలేము. అన్న పోయి చాలా ఏళ్లయింది. ఎండల సంగతి ఇప్పుడు నాకు బాగా తెలుసు, ఎవరడిగినా విడమరిచి చెప్పగలను. కానీ వానాకాలం ముందు బస్సు దిగి, నా మాట కోసం మా వాకిట్లో నిలబడే మనిషి లేడు.