తొమ్మిది కల్దార్ల కలంతరాష్

ఆ రోజుల్లో కొత్త వస్తువు చేతిలో పెట్టి చూపిస్తే, అది బాగా పనిచేస్తుందా అని అడిగిన మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు. ఎంతకు కొన్నావు, అంత ఎందుకు పెట్టావు, నిన్ను మోసం చేసిందెవరు, ఇవే ప్రశ్నలు. ఇప్పుడు మాత్రం ఏం మారింది కనుక! మొన్న కాప్రాలో కొత్తగా తెరిచిన ఒక దుకాణంలో, అద్దాల బీరువాలో, మఖమల్ గుడ్డ మీద ఒక మడత కత్తిని పసిబిడ్డలా పడుకోబెట్టారు. ధర చీటీ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. అదే ధర. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, "కత్తికి ఇంత డబ్బా? బుద్ధున్నవాడెవడైనా కొంటాడా?" అని నాతో నవ్వబోయాడు. నేను నవ్వలేదు. ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే పంతొమ్మిదేళ్ల వయసులో, పోలీసు చర్య జరిగిన ఏడాదే, ఆ బుద్ధి లేని పని చేసినదాన్ని నేను. ఆ కత్తి కోసం ఇంట్లో వాళ్లతోనూ బయట వాళ్లతోనూ చివరికి ఠాణాతోనూ పోట్లాడినదాన్ని. న్యాయం ఎవరి వైపు ఉందో మీరే చెబుదురు గాని, వినండి.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ కుటుంబం. నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. నేను ఆడపిల్లల బడిలో రెండో తరగతికి టీచరమ్మగా కొత్తగా చేరాను. పాఠాలు చెప్పడానికి చేరాననుకున్నాను కానీ, నిజానికి పెన్సిళ్లు చెక్కడానికి చేరాను. నలభై మంది పిల్లలు, నలభై పెన్సిళ్లు. మొద్దు మొనతో కాపీ పుస్తకంలో ఒక్క గీత పడినా మా హెడ్‌మిస్ట్రెస్ ఆ పుస్తకాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని నా బల్ల మీద వదిలేసి వెళ్లేది. చెక్కడానికి బడి వాళ్లు ఇచ్చిన ఆయుధం ఒక సగం విరిగిన బ్లేడు. దానితో పెన్సిలు తెగే లోపు నా బొటనవేలు తెగేది. రోజూ సాయంత్రం నాన్న టింక్చర్ రాస్తూ, "అమ్మాయ్, పాఠాలు చెబుతున్నావా, కుస్తీలు పడుతున్నావా?" అని అడిగేవాడు.

అందుకని మొదటి జీతం చేతికి రాగానే తిరుమలగిరి వెళ్లాను. తెల్ల సిపాయిలు దేశం వదిలి వెళ్లిపోతూ అమ్ముకున్న సామాన్లన్నీ పోగేసి అమ్మే శెట్టి దుకాణం ఒకటి అక్కడ ఉండేది. బూట్లు, టీ కెటిళ్లు, గుర్రపు జీనులు, వాటి మధ్యలో ఆ కత్తి. దుప్పి కొమ్ము పిడి, రెండు అలుగులు, మూస్తే అరచేతిలో దాగేంత. తెరిస్తే టక్కుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు వినగానే నా పని అయిపోయింది. శెట్టికి ఆ సంగతి నా మొహంలోనే కనబడి ఉంటుంది. "విలాయతి షెఫీల్డ్ ఉక్కు, అమ్మా. నీ మన్మరాలు సుత దీంతోనే పెన్సిల్ చెక్కుకుంటది. తొమ్మిది రూపాలు," అన్నాడు. నేను తొమ్మిది హాలీ రూపాయలు తీసేసరికి తల అడ్డంగా ఊపాడు. "హాలీ గాదమ్మా, కల్దార్!" (హాలీ అంటే నిజాం రూపాయి, కల్దారు అంటే ఇంగ్లీషు రూపాయి. కల్దారు విలువ కొంచెం ఎక్కువ. కంటోన్మెంటు దుకాణాల్లో ధర చెప్పేటప్పుడు ఆ మాట చివర్లోనే చెప్పేవారు.) అప్పటికి కత్తి నా చేతిలో ఉంది. తిరిగి ఇచ్చేయడానికి వేళ్లు ఒప్పుకోలేదు.

ఇంట్లో జరిగిన రభస చూడాలి. అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఏవండీ, విన్నారా? మీ కూతురు తొమ్మిది రూపాయలు పోసి కత్తి కొనుక్కొచ్చింది. మన కత్తిపీటకేం రోగమొచ్చిందట?" అంది. కత్తిపీట మీద పెన్సిలు చెక్కి చూపించమని రోషంగా అన్నాను. ఆవిడ నిజంగానే పీట మీద కూర్చుని చెక్కి చూపించింది. (మొన బాగానే వచ్చింది. ఆ సంగతి ఇక్కడ రాయకపోయినా కొంపలేం మునగవు.) ఇక మా మేనత్త కొడుకు, రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి బావ మాట ఈ ఊరి మాటే. "ఏందే, తొమ్మిది కల్దార్లా? చాకుకా? మోండా మార్కెట్ల ఆరణాలు పారేస్తే గిసొంటివి దొర్కుతయ్!" అని మర్నాడే ఒక ఆరణాల చాకు తెచ్చి నా ముందు పెన్సిలు చెక్కాడు. ఆ పెన్సిలూ సూదిలా వచ్చింది. "ఇప్పుడు జెప్పు, మిగిలిన పైసలు దేనికి ఇచ్చినవ్?" అన్నాడు.

దేనికి ఇచ్చానా? చెబితే అర్థమవుతుందా వీళ్లకి! అలుగు తెరుచుకునేటప్పుడు వచ్చే ఆ చప్పుడుకి ఇచ్చాను. ఆ పిడి అరచేతిలో కుదురుకునే తీరుకి ఇచ్చాను. పంతొమ్మిదేళ్లపాటు అక్క విడిచిన గౌన్లు, పిన్ని ఇచ్చిన గొడుగు, ఎవరో చదివేసిన పుస్తకాలు వాడిన మనిషిని. నా కష్టంతో, నా కోసం, నేనే ఎంచుకున్న మొట్టమొదటి వస్తువు అది. ఇవన్నీ ఆ రోజు నోటికి రాలేదు. "నీకు ఉక్కు విలువ తెలీదు బావా," అని మాత్రం అన్నాను. ఆ మాట పట్టుకుని బావ ఆ వేసవి అంతా నన్ను "ఉక్కు టీచరమ్మ" అని పిలిచాడు. బడిలో మాత్రం నా కత్తికి రాజమర్యాదలు జరిగాయి. టక్కుమని తెరవగానే నలభై మంది పిల్లలు నోరు మూసుకునేవారు. బెత్తం అవసరం పడలేదు.

ఆ ఏడంతా ఊళ్లో భయంభయంగానే గడిచింది. సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. ఆ అయిదు రోజులూ బడి మూసేశారు, మేం తలుపులు బిగించుకుని ఇంట్లో ప్రార్థనలు చేసుకుంటూ కూర్చున్నాం. అంతా సద్దుమణిగాక ఒక ఉదయం మా వీధిలో డప్పు వినిపించింది. "ఇంట్ల తుపాకులున్నా, కత్తులున్నా, జంబియాలున్నా, బరిసెలున్నా ఠాణాల జమ చెయ్యాలె! దాచిపెడితే ఖైదు!" అని చాటింపు. జనం భయపడి అటకలూ పెట్టెలూ వెతుక్కున్నారు. నాకు మాత్రం, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, కొంచెం గర్వంగా అనిపించింది. నా దగ్గర కూడా ఒకటి ఉంది మరి. అరుగు మీద కూర్చున్న నాన్నతో, "నా కత్తి కూడా చూపించి రావాలి," అన్నాను. పక్కనే ఉన్న బావ పడీ పడీ నవ్వాడు. "గదేం కత్తే! ఠాణోళ్లకు చూపిస్తే వాళ్ల పెన్సిళ్లు సుత చెక్కిపొమ్మంటరు!"

అంతే, పంతం పట్టుకుంది. నా ఆలోచన ఏమిటంటే, ఠాణా వాళ్లు కత్తిని చూస్తారు, ఉక్కును మెచ్చుకుంటారు, ఇది మామూలు కత్తి కాదని రాసి, ముద్ర కొట్టి, లైసెన్సు ఇచ్చి, కత్తిని నా చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ కాగితం తెచ్చి బావ మొహాన కొట్టాలి. నాన్న చట్టానికి భయపడే మనిషి, "చూపించి రావడమే మంచిది," అని తోడు బయల్దేరాడు.

ఠాణా వరండాలో పెద్ద వరస ఉంది. మా ముందు ఒక ముసలాయన తాతల నాటి కత్తిని పాత దుప్పటిలో చుట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అందరి మొహాల్లోనూ ఒకటే ప్రార్థన, నా దగ్గరున్నది ఆయుధం కాదని రాయండి బాబూ అని. ఆ వరసలో, తన దగ్గరున్నది ఆయుధమని రాయించుకోవాలని వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే.

బల్ల దగ్గర రూమీ టోపీ పెట్టుకున్న ముసలి మున్షీ కూర్చుని ఉన్నాడు. పాత సర్కారు మనిషి. నా కత్తిని రెండు చేతులా అందుకుని, తెరిచి, అలుగును గోటి మీద ఆనించి చూశాడు. "మస్తుగున్నది. ఏం జేస్తవ్ బేటీ దీంతోని?"

"బడిలో టీచరునండీ. పిల్లలకి పెన్సిళ్లు చెక్కుతాను."

ఆయన మొహం విచ్చుకుంది. కత్తి మూసేసి నా వైపు జరిపాడు. "అయితే గిది హథియార్ గాదు. కలంతరాష్. తీస్కపో బేటీ."

ఆయుధం కాదట, కలంతరాష్! ఉర్దూ దఫ్తర్లలో గుమాస్తాలు రెల్లు కలాల మొనలు చెక్కుకునే బుల్లి చాకును అలా అంటారు. సిరాబుడ్డికీ అద్దుడు కాగితానికీ మధ్య పడి ఉంటుంది. నా షెఫీల్డ్ ఉక్కును తీసుకెళ్లి సిరాబుడ్డి పక్కన పడేశాడు! నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. "కలంతరాష్ కాదండీ, కత్తి. షెఫీల్డ్ ఉక్కు. తొమ్మిది కల్దార్లు పెట్టి కొన్నాను."

"గట్లనే. మంచిగ దాచుకో. తీస్కపో."

"అంత ధర పెట్టి కలంతరాష్ ఎవరు కొంటారండీ? చూడండి, ఎంత పదునో! మనిషి పీక కూడా తెగుతుంది దీంతో!"

నాన్నకు దగ్గు తెర వచ్చింది. మున్షీ ఒకసారి లోపలి గది వైపు చూసి, నా మీదకి వంగి, గొంతు బాగా తగ్గించాడు. "జెర ఆహిస్తా మాట్లాడు బేటీ. కలంతరాష్ అని రాస్తున్న గద. చుప్‌చాప్ తీస్కపో."

"అలా రాయడానికి వీల్లేదు," అన్నాను నేను. ఆహిస్తాగా అనలేదు.

లోపలి గదిలోంచి కొత్త అధికారి బయటికి వచ్చాడు. పోలీసు చర్య తర్వాత మద్రాసు నుంచి వచ్చినాయన. "ఏమిటమ్మా గొడవ?" అని మా వైపు యాసలో అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే, ఇక న్యాయం జరుగుతుందనుకున్నాను. జరిగినదంతా గడగడా చెప్పాను. ఆయన కత్తి తెరిచాడు. టక్కుమంది. కనుబొమలు ఎత్తాడు.

"ఇది ఆయుధమేనంటావా అమ్మా?"

"అవునండీ. నూటికి నూరు పాళ్లు ఆయుధమే."

"మున్షీ గారూ, ఆవిడే ఒప్పుకుంటోంది కదా. జమ చేసుకుని రసీదు ఇవ్వండి." అని కత్తిని గోనె సంచిలో పడేసి, తరవాతి మనిషిని పిలిచాడు.

ఆ సంచిలోంచి వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా కత్తి తల్వార్ల మీద, బరిసెల మీద పడింది. నేను అడిగిన గౌరవమే దక్కింది మరి! "లైసెన్సు అండీ..." అని నసిగాను. అధికారి అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. ఎంత అన్యాయమో చూడండి. వాదనలో గెలిచినవాళ్ల సొమ్ము పోవడం ఏ దేశంలోనైనా ఉందా? నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే ఆ మున్షీ ముందు చిన్నతనం అయిపోతానని బిగబట్టుకున్నాను.

మున్షీ తల ఎత్తకుండా రసీదు రాశాడు. 'ఖతర్‌నాక్ చాకు, ఒకటి' అని చదివి వినిపించి ముద్ర వేశాడు. తర్వాత సొరుగు తెరిచి, నల్లబడ్డ ఇనుప అలుగు, చెక్క పిడి ఉన్న తన చాకును తీసి, రసీదు కింద పెట్టి రెంటినీ కలిపి నా వైపు తోశాడు. "పిల్లల పెన్సిళ్లు ఆగొద్దు గద," అన్నాడు మెల్లగా. నేను దాన్ని తీసుకున్నాను. తీసుకుంటూ మనసులో ఏమనుకున్నానో తెలుసా? షెఫీల్డ్ ఉక్కుకు బదులు ఈ తుక్కా అనుకున్నాను. విసురుగా తిరిగి వచ్చేశాను.

మా వీధి మొదట్లో నాన్న ఆగాడు. "అమ్మాయ్, ఆ పెద్దాయన తీసుకుపో తీసుకుపో అని ఎన్నిసార్లన్నాడో విన్నావా?"

"కలంతరాష్ అని అవమానించడం కూడా విన్నాను," అన్నాను.

"అవమానించలేదే పిచ్చిమొహమా. నీ కత్తిని నీకు ఇచ్చేయడానికి ఆయనకి ఆ ఒక్క మాటే దారి. కొత్త దొర పక్క గదిలో కూర్చుని ఉండగా, తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో, నీకోసం ఆ మాట రాయబోయాడు."

నాకు ఇంకా కోపం వచ్చింది. తప్పు మనదని తెలిసినప్పుడు వచ్చే కోపం ఎంత పెద్దదో మీకూ తెలిసే ఉంటుంది. బడి తెరిచాక వారమంతా ఆ కోపంతోనే ఆ నల్ల చాకుతో పెన్సిళ్లు చెక్కాను. అది మెత్తగా, చప్పుడు లేకుండా, ఒక్క మొనా విరగకుండా కోసింది. తొమ్మిది కల్దార్ల కత్తి అంతకంటే బాగా కోసిందా అని అడక్కండి. నేను చెప్పను.

నెల గడిచాక, దసరా సెలవుల్లో, ఒక మంచి చీర కట్టుకుని ఒక్కదాన్నే ఠాణాకు వెళ్లాను. ఏం చెప్పాలో దారిలో రెండుసార్లు వల్లె వేసుకున్నాను. ఆ బల్ల దగ్గర వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. పాతవాళ్లలో చాలామందిని తీసేశారట, ఆయన ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదట. ఆయన పేరు నేను అడిగి ఉండలేదు. తెలియని మనిషిని ఏమని వెతకను?

ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది. తన కత్తిని ఎవరో చిన్నచూపు చూశారని ఠాణా అదిరిపోయేలా అంత నోరు చేసుకుంది కదా, ఆ చాకు అందుకున్నప్పుడు షుక్రియా అని ఒక్క మాట అనడానికి దానికి నోరు పెగల్లేదు. ఆ మాట దానికి రాక కాదు, బాగానే వచ్చు.