ఎర్ర దారం కుట్టిన గుడ్డ

నీళ్లు శుద్ధిచేసే మిషన్ కొన్నాక ఆ గుడ్డతో మా ఇంట్లో పనేమీ లేదు. అయినా నెలకోసారి ఉతికి, హమద్ టౌన్‌లో మా డాబా మీద ఆరేస్తాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. ఎండకు ఆరుతున్న ఆ పాత నూలు వాసన తగిలితే చాలు, ఖాసిం భాయ్ వెనకే నిలబడ్డట్టు సర్దుకుని కూర్చుంటాను.

ఈ అరబ్బు దేశానికి వచ్చిన కొత్తలో, కర్జకాన్‌లో ఒక ఖర్జూరం తోటలో మేమిద్దరమే పనివాళ్లం. ఆయనది జగిత్యాల వైపు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. తాగునీళ్ల బండి రాని రోజుల్లో తోట తొట్టి నీళ్లే మాకు దిక్కు. ఆయన పాత లుంగీని నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి, నిదానంగా వడపోసేవాడు. తర్వాత ఎండు మట్టల మంట మీద తెర్లేదాకా కాచేవాడు. తేటగానే ఉన్నాయి కదా, మళ్లీ ఈ కాచడమెందుకని నేను విసుక్కునేవాణ్ణి.

“గుడ్డకు మట్టే దొరుకుతది తమ్మీ, రోగం దొరకది. దానికి మంటనే గావాలె,” అనేవాడు.

మూడేళ్ల తర్వాత ఆయన సెలవు మీద ఇంటికి బయలుదేరే ముందు రోజది. అంతవరకూ చూడని మనవరాలికి కొన్న గులాబీ గౌనును పదిసార్లు విప్పి, పదిసార్లు మడతపెట్టాడు. ఆ రోజు నీళ్లు కాచింది నేను. చల్లారాక చూస్తే బూడిద నలుసులు తేలుతున్నాయి. పెద్దాయనకు శుభ్రమైన నీళ్లివ్వాలన్న ప్రేమ కొద్దీ, తొట్టి మురికంతా పట్టిన అదే గుడ్డలో వాటిని మళ్లీ వడపోశాను. గుడ్డను ఆ బిందెకే కట్టి వదిలేశాను. నేను చాయ్‌తో సరిపెట్టుకున్నాను. ఆయన రెండు గ్లాసులు తాగాడు.

తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. విమానం వెళ్లిపోయింది. ఈలోగా కోత మొదలైందని, మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ ఆయన సెలవును ఆరు నెలలు వెనక్కి జరిపాడు. పని పడిందని కూతురికి ఫోన్‌లో అబద్ధం చెబుతుంటే పక్కనే ఉండి విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తోటకు తిరిగొచ్చిన రోజే సూది అడిగి, గుడ్డ అంచుకు ఎర్ర దారం కుట్టాడు.

“ఇది తొట్టి నీళ్లకే. కాగిన నీళ్లకు తాకద్దు. మూత పెట్టాలె, గంతే. బూడిద అడుగుకు దిగుతది, మనమే జర ఆగాలె.”

నా వైపు చూడకుండానే చెప్పాడు.

ఆరు నెలలకు, ఇక తిరిగి రానని చెప్పి బయలుదేరాడు. గౌను అప్పటికి పొట్టిదైపోయింది, ఇంకొకటి కొన్నాడు. ముహర్రక్‌లో విమానాశ్రయం గుమ్మం దగ్గర ఇక ఆపుకోలేకపోయాను.

“భాయ్, కాగిన నీళ్లు గా గుడ్డల వడపోసింది నేనే.”

“ఎరికే తమ్మీ. గుడ్డ ఆ బిందెకే కట్టి ఉండె గదా.”

“మరి అడగలేదేంది?”

“అడిగితె, భయపడి నాకు నీళ్లిచ్చుడే బంద్ జేద్దువు,” అని నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా కింద ఎనిమిది మంది పనిచేస్తున్నారు. పని చెడినప్పుడు ‘ఎవడ్రా?’ అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది, నా కోపం అలాంటిది. దాన్ని అక్కడే మింగేసి, మళ్లీ అలా చెడకుండా ముందు సూదీ దారం వెతుక్కుంటాను.