పేలకుండా ఆగిన తూటా

మొన్న దీపావళికి మా చిన్నోడు బొమ్మ పిస్తోలులో రీలు పెట్టి కొడుతుంటే ఒక బిళ్ళ పేలలేదు. ఎందుకు పేలలేదోనని గొట్టాన్ని కంటి దగ్గరికి తెచ్చుకోబోయాడు. వీధి వీధంతా తిరిగి చూసేలా అరిచి వాడి చేతిలోంచి లాక్కున్నాను. చుట్టూ కమ్ముకున్న ఆ మందు వాసన నన్ను కేసముద్రం దగ్గరి మా ఊరికి, మా తాత రివాల్వర్ దగ్గరికి తీసుకుపోయింది.

తాత మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. లైసెన్సున్న ఆ రివాల్వర్‌ను ఏడాదంతా నూనెగుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచి, ఈస్టర్‌కు ముందు ఇంటికి సున్నాలు వేసే రోజుల్లో మాత్రం బయటికి తీసి, ఎండలో కూర్చుని ఓపిగ్గా తుడిచేవాడు. దాని అసలు తూటాలు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. మిలిటరీవాళ్ళు వాడకం మానేసిన పాత పిస్తోలు తూటాలు కొన్ని ఆయన దగ్గర ఉండేవి. లావు ఒకటే కాబట్టి, సన్నని ఇనుప రేకులో బిగిస్తే రివాల్వర్‌లో చక్కగా కూర్చునేవి. "నాకన్న ముసలియి ఇవి" అని నవ్వేవాడు. ఎన్నడూ కాల్చి చూడలేదు.

ఆ ఏడు మిర్చి ఏరే కాలంలో, వాకిలి నిండా ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతూ తుమ్ముతూ తిరుగుతున్న రోజుల్లో, మా పాడిబర్రెకు పిచ్చి లేచింది. దాన్ని పిచ్చికుక్క కరిచిన సంగతి ఎవరికీ తెలియలేదు. నురగ కక్కుతూ, బొంగురు గొంతుతో అరుస్తూ, కట్టుగుంజను కొమ్ములతో కుమ్మసాగింది. పశువుల డాక్టరు దూరం నుంచే చూసి, "ఇగ బతకది. తాడు తెంపుకుంటె మనుషుల మీద పడ్తది" అన్నాడు. నాయనమ్మ పిల్లలందరినీ అరుగెక్కించి జపమాల పట్టుకుంది. తాడు పురి తర్వాత పురి తెగుతోంది.

తాత రివాల్వర్ తెచ్చి, బర్రె వెనక మందపాటి మట్టిగోడ ఉండేలా చూసుకుని నిలబడ్డాడు. గురిపెట్టి నొక్కాడు.

టక్‌మంది. అంతే.

"పాత తూటా, సచ్చింది బాపూ!" అంటూ మా చిన్నాయిన, బర్రెకు ఇంకో గొలుసు వేద్దామని ముందుకు ఉరికాడు.

"ఆగురా! ముందటికి రాకు!"

తాత అరుస్తూనే చేతిని నేలవైపు తిప్పాడు. తిప్పీ తిప్పకముందే, ఆలస్యంగా అంటుకున్న పాత మందు పేలింది. చిన్నాయిన పాదాల ముందు మట్టి ఎగిసింది. అతను అక్కడే కూలబడ్డాడు.

"తాకిందా బిడ్డా? తాకిందా?" నాయనమ్మ ఉరికి వెళ్ళి అతని కాళ్ళు తడిమింది. తాకలేదు. తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఆగే వీలు లేదు. తాడు ఆఖరి పురి మీద ఉంది.

"వాన్ని ఎనుకకు గుంజు!" అన్నాడు నాయనమ్మతో. ఆమె కొడుకును ఈడ్చుకొచ్చేదాకా చూసి, మళ్ళీ చెయ్యెత్తాడు. ఈసారి వెంటనే పేలింది. బర్రె మోకాళ్ళ మీద ఒరిగిపోయింది.

ఆ సాయంత్రం నాయనమ్మా నేనూ చూస్తుండగా తాత, పెళ్ళయి బిడ్డ పుట్టిన ఆ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో ముద్దలు కలిపి తినిపించాడు. తెల్లారి రివాల్వర్‌నూ మిగిలిన తూటాలనూ తీసుకెళ్ళి ఠాణాలో అప్పజెప్పి వచ్చాడు. ఆ బర్రె పాలు తాగినందుకు మేమంతా వరంగల్ దవాఖానాలో సూదులు వేయించుకున్నాం.

అప్పట్లో బర్రె కొట్టం ఉన్న జాగాలో ఇప్పుడు పత్తి దించే రేకుల షెడ్డు ఉంది. ఊరికి పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. తాతా నాయనమ్మా పోయారు. చిన్నాయిన మాత్రం ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చినప్పుడల్లా హనుమకొండలో మా ఇంటికొచ్చి చాయ్ తాగి పోతాడు. ఆ రోజు భయం కాలేదా అని మొన్న అడిగాను.

"తూటా పేలినప్పుడు కాలే బిడ్డా. బాపు ముద్ద పెడ్తాంటే చెయ్యి వణికింది సూడు, అప్పుడైంది" అన్నాడు.

ఆ వణుకు చూసినవాళ్ళలో ఇక మేమిద్దరమే మిగిలాం.