లైబ్రరీకని చెప్పి పాటల ప్రోగ్రాంకు

ఆ రోజుల్లో పాటను వినడమే కాదు, చూడడం కూడా మాకు కొత్తగా పట్టుకున్న పిచ్చి. సినిమాతో సంబంధం లేని పాటలు కేబుల్ టీవీలో పొద్దస్తమానం వచ్చేవి. ఎడారిలో నిలబడి ఒక అమ్మాయి పాడుతుంటే ఎక్కడినుంచో గాలి వీచి ఆమె జుట్టు ఎగిరేది (ఆ గాలి ఫ్యానుదని నాకు చాలా ఏండ్లకు గానీ తెలియలేదు). మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు. అర్థం కాకపోయినా డ్రమ్ము మొదలవగానే నా గుండె దడదడలాడేది. ఆ అమ్మాయి ఎవరినీ అడక్కుండానే ఇంట్లోంచి బయలుదేరి ఉంటుందనిపించేది. చిక్కడపల్లిలో మా సందు చివరిదాకా పోవాలన్నా నాయనమ్మకు చెప్పిపోయేదాన్ని, నాకు ఆ పిచ్చి పట్టడానికి అంతకన్నా ఏం కావాలి.

డిగ్రీ అయ్యాక నాన్న గ్రూప్స్ రాయమన్నాడు. మా పక్కనే ఉన్న అశోక్‌నగర్‌లో ఎటు చూసినా పుస్తకాలు మోసుకుపోయేవాళ్లే కాబట్టి అనుమానం రాదని, "రోజూ మధ్యాహ్నం లైబ్రరీల చదువుకుంట" అని చెప్పాను. పోయింది మాత్రం నారాయణగూడలో ఒక మిఠాయి దుకాణం మీదున్న లోకల్ కేబుల్ చానల్‌కు. మూడింటి నుంచి నాలుగున్నర దాకా, ఫోన్ చేసినవాళ్లు అడిగిన పాప్ పాట వేసే ప్రోగ్రాంకు నేనే యాంకర్ని. అక్కడి బాత్రూంలో చున్నీ తీసి బ్యాగులో కుక్కి, నెత్తికి రంగు గుడ్డ కట్టి, గాజులంత రింగులు చెవులకు తగిలించి "హాయ్ హాయ్ హాయ్" అంటూ కెమెరా ముందుకొచ్చేదాన్ని. (సాయంత్రానికి చెవులు వాచేవి. "చదివి చదివి వేడి చేసింది" అని నాయనమ్మ పసుపు రాసేది.) నా ధైర్యమంతా ఒక్కటే. మా ఇంటి కేబుల్ వేరే ఆపరేటర్‌ది, అందులో మా చానల్ రాదు.

ఒక శుక్రవారం ఇంటికి రాగానే నాయనమ్మ సంబరంగా చెప్పింది. "కేబుల్ మార్పించిండు మీ నాయన. నారాయణగూడోళ్ల లైనంట. చానళ్లు మస్తుగున్నయి."

తెల్లారితే రెండో శనివారం, నాన్నకు సెలవు. పొద్దున్నే టీవీ వెనక వైరు ఊడబీకాను. పదింటికల్లా ఆపరేటర్ వచ్చి బిగించిపోయాడు. ఇంటి ఫోన్‌లో అయితే వింటారని ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి మా చానల్ సార్‌కు ఫోన్ చేసి జరమొచ్చిందన్నాను. "మాత్ర ఏసుకొని రా. నువ్వు రాకుంటే గంటన్నర చేపల తొట్టి చూపియ్యాల్నా?" అన్నాడాయన. చూపించినా బాగుండేది. కానీ పోకపోతే ఆ కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటారని భయం, పోతే నాన్న చూస్తాడని భయం. రెండింట్లో మొదటిదే పెద్దదిగా అనిపించినందుకు సిగ్గుపడుతూనే పోయాను.

గుడ్డను కనుబొమ్మల దాకా లాక్కున్నాను. గొంతు మార్చి మాట్లాడాను. రెండు ఫోన్లు క్షేమంగా గడిచాయి. మూడోది మోగింది.

"హలో, ఎవరు మాట్లాడుతున్నారు?"

"చిక్కడపల్లి నుంచండి."

అది మా నాన్న గొంతు. పుట్టిన్నుంచి నన్ను 'అండి' అనని మనిషి. నా నవ్వు మొహం మీద అట్లాగే గడ్డకట్టింది. కెమెరా వెనక నుంచి సార్, మాట్లాడు మాట్లాడు అని చేతులూపుతున్నాడు.

"ఏ... ఏ పాట కావాలండి?"

"నాకు పాటలు తెల్వయండి. మీకేది మంచిగనిపిస్తే అది ఎయ్యిండ్రి."

"ఎవరి కోసం?" అలవాటుకొద్దీ అడిగేశాను.

"మా బిడ్డ కోసం. గ్రూప్స్‌కు చదువుతున్నది. రోజూ ఈ టైముకు లైబ్రరీలనే ఉంటది, పాపం. ఇంటదో లేదో."

"వింటదండి," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినబడలేదు.

ఉన్నవాటిలో మర్యాదైన పాట వెతికి వేశాను. తీరా సగమయ్యేసరికి అందులో అందరూ వానలో తడుస్తున్నారు.

పావుగంట నడకకు ఆ రోజు గంట పట్టింది. దారి పొడుగునా క్షమాపణలు కూడబలుక్కున్నాను. ఇంట్లో నాన్న ఉప్మా తింటున్నాడు. నాకూ కంచం పెట్టారు. కంటిచూపు ఆనని నాయనమ్మ, "టీవీల ఒక పిల్లొచ్చిందే, అచ్చం నీ లెక్కనే మాట్లాడింది. నెత్తికి గుడ్డ కట్టింది, పేన్లు పడ్డయేమో" అంది.

నాన్న తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ పిల్ల మైకును నోట్లె పెట్టుకున్నట్టు మాట్లాడుతది. జర దూరం పట్టుకోవాలె." నీళ్లు తాగి, "పరీక్షెప్పుడు?"

"ఎండాకాలంల."

"అయితే పొద్దుగాల లేచి చదువు. మధ్యాహ్నం ఎట్లయినా నీకు లైబ్రరీ ఉన్నదాయె."

మర్నాటి నుంచి నాలుగింటికే లేచి చదివాను. అంత భయంగా నేనెప్పుడూ చదవలేదు. కొన్ని నెలలకు చానల్ మూతబడింది. అప్పుడు నిజంగానే లైబ్రరీకి పోయి, చదువుకునే గది ఎటుందని వాచ్‌మన్‌ను అడగాల్సి వచ్చింది. రెండోసారికి ఉద్యోగం వచ్చింది. ఆ శనివారం గురించి నాన్న ఏనాడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆయన్ను కంటి డాక్టర్‌కు చూపించి ఆటోలో తీసుకొస్తుంటే, డ్రైవర్ ఆ కాలపు పాప్ పాటొకటి పెట్టాడు. నాన్న మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ, "మంచిగున్నది. ఎవరు పాడిన్రు?" అన్నాడు. ఆ పాట నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. నలభై అయిదేండ్లదాన్ని, గెజిటెడ్ ఆఫీసర్ని, అయినా బయటికి చూస్తూ "తెల్వది నాన్నా" అన్నాను.


ఆయన నవ్వాడో లేదో చూడలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది.