గట్టు చెక్కిన చేను

అప్పట్లో కోడుమూరు పక్క ఒక హైస్కూల్లో ఫిఫ్త్ ఫారానికి, అంటే ఇప్పటి పదో తరగతికి, సోషల్ చెప్పేవాణ్ని. జనం పెరగడానికీ, పేదరికానికీ, నేల చెడిపోవడానికీ ఉన్న లంకె పిల్లలకు చెప్పాలి. పుస్తకంలో ఏదో దూరదేశపు నది సంగతి రాశారు. నాకు ఒళ్లు మండింది. కిటికీలోంచి కనబడే నేలను వదిలి మావాళ్లకు ఆ నది ఎందుకు?

ఆ క్లాసులోనే అన్నదమ్ముల పిల్లలు ఇద్దరుండేవారు. వాళ్ల నాయనలు ఏటవాలు చేనును పైనొకరు, కిందొకరు పంచుకున్నారు. ఇళ్లలో పిల్లలు పెరిగారు గానీ చేను పెరగలేదు. దాంతో నడిమి గట్టును ఏటా ఈయనింత, ఆయనింత చెక్కి సాళ్లలో కలుపుకున్నారు. గట్టు మీది తంగేడు పొయ్యిలోకి పోయింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్నట్టు ఆ గట్టును బాగుచేసే దిక్కు లేదు. అది తెగితే పై చేని మన్ను కొట్టుకుపోతుంది, కింది చేను ఇసుక మేట వేస్తుంది, రెండిళ్లకూ కూడుండదు. అయినా ఇద్దరికీ మాటల్లేవు. పిల్లలు కూడా చెరో మూల కూర్చునేవారు.

బడి ముందర వాలులో మట్టితో ఒక చేను చేయించాను. మధ్యలో గట్టు వేయించి ఆ ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టాను. "ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టింది" అని నేను అన్నప్పుడల్లా ఇద్దరూ పెంకుముక్కతో గట్టును కాస్త చెక్కాలి. క్లాసంతా ఒకటే నవ్వు. గట్టు సన్నబడ్డాక పైనుంచి కడివెడు నీళ్లు పోయించాను. గట్టు తెగి బురద మా కాళ్లదాకా వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. ఎవరు తెంచారని అడిగితే ఆ ఇద్దరూ చేతుల్లోని పెంకుముక్కలు చూసుకున్నారు.

ఆ ఆదివారం పిల్లలిద్దరూ పారలు తీసుకొని గట్టు పెంచడానికి చేనికి పోయారట. సాలు పోతుందని అన్నదమ్ముల్లో పెద్దాయన తిట్టాడట. చిన్నాయన మాత్రం కొడుకు చేతిలో పార అందుకున్నాడట. అది చూసి పెద్దాయనా దిగాడట.

పెద్దవాన పడిన మర్నాడు పోయి చూశాను. గట్టు నిలబడింది. నేను పొంగిపోయాను, దాచుకోవడమెందుకు. పెద్దాయన కొడుకు నా పక్కనే నిలబడి చేనుకేసి చూస్తున్నాడు.

"మేము అయిదుమంది అన్నదమ్ములం సార్. రేపు మాకు పంచితే ఇంగా నాలుగు గట్లు పడతాయి. అన్ని గట్లు పోను ఇత్తనమేసేకి నేల యాడుంటాది?"

నువ్వు బాగా చదువుకో, ఏదో ఒక ఉద్యోగం వస్తుంది, నీకు చేను పంచాల్సిన పని ఉండదు అన్నాను.

"అది నాకు సరిపాయె సార్" అన్నాడు. "మిగతా నలుగురికి?"