గోడ అవతలి ‘హా’

ఇవాళ పొద్దున నా మొదటి ఇన్సులిన్ సూది కోసం స్పిరిట్ దూది తీయగానే, ఆ ఘాటు వాసనకు కిషన్‌బాగ్‌లోని మా పాత ఇంటి పిట్టగోడ కళ్ల ముందుకొచ్చింది. గోడకు అవతల జైనబ్ ఆపా ఉండేది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. అమ్మకు ఇన్సులిన్ ఇవ్వడం నాకు నేర్పింది ఆవిడే. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ తికమకే. ఆపా ఆ సంగతి రెండో రోజుకే పసిగట్టింది.

"సీసా మీది నంబరు చదువు. సిరంజి మీది నంబరు చదువు. రెండు ఒక్కటే ఉండాలె. మందు గుంజినంక నాకు చూపియ్యి" అంది. అలా రోజూ "సీసా నలభై, సిరంజి నలభై, మందు ఇరవై" అని పైకి చదివి, సిరంజిని గోడ మీదుగా చూపేదాన్ని. ఆపా కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూసి "హా" అనేది. ఆ తర్వాతే సూది. ఇంత చిన్న పనికి ఇంత తతంగమా అని లోపల విసుక్కునేదాన్ని.

ఒకసారి ఆపా బార్కస్‌లోని కూతురింటికి వెళ్లింది. ముందు రోజే డాక్టరు అమ్మ మందు మార్చారు. కొత్త సీసా మీద వంద అని ఉంది. ఇంట్లో ఉన్నవి పాత నలభై సిరంజిలే. చీటీలో మాత్రం మునుపటిలాగే ఇరవై యూనిట్లు. ఇరవై ఎక్కడైనా ఇరవైయే కదా అనుకుని, పాత సిరంజిలో ఇరవై గీత దాకా తీసి ఇచ్చేశాను. కాసేపటికి అమ్మకు చెమటలు, వణుకు. ఏమీ తోచక ఆపాకు ఫోన్ చేశాను.

"మాట్లాడుతదా? మింగుతదా?"

"ఆ, ఆపా."

"చక్కెర నీళ్లు తాపియ్యి. లొల్లి చెయ్యకు. ఆటో పిలిచి దవాఖానకు పో, సీసా, సిరంజి రెండు పట్టుకపో. నేను ఆడికే వస్తున్న."

అమ్మ దక్కింది. దవాఖాన బెంచీ మీద నేను ఏడుస్తూంటే ఆపా వేళ్ల మీద లెక్క చెప్పింది. కొత్త మందు చిక్కనట, పాత సిరంజిలో ఇరవై గీతకు యాభై యూనిట్లు పోతాయట. తలూపాను గానీ బుర్రకెక్కలేదు. "తప్పు నాది బేటా. నేను లేనప్పుడు ఎవరికి చూపియ్యాల్నో నీకు చెప్పకపోతి" అంది. నన్ను ఊరడించడానికి అందో, నిజంగానే అలా అనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాల్సింది. ఇప్పుడు అమ్మా లేదు, ఆపా లేదు.

ఇవాళ రెండు నంబర్లూ పైకి చదివాను. ఒక్కటే. అయినా చేయి కదల్లేదు. వంటింట్లో ఉన్న మా ఆయన్ని పిలిచి చూపించాను.

"నన్ను అడుగుతున్నవేంది, నాకేం తెలుస్తది?" అన్నాడు.

"తెల్వకున్నా చదువుండ్రి."

చదివి, "కరెక్టే ఉంది" అన్నాడు.

"హా అనుండ్రి" అన్నాను.