రెండు సిమ్ములూ పలకని పూట

దెయ్యాల కథలు అల్లడంలో మా గుడియాత్తంలో నాకు పేరుంది. పళ్ళికొండ రోడ్డు టీకొట్లో గొంతులు మార్చి నేను కోసే కోతలకు జనం చేరతారు. అల్లేవాడికి నమ్మకం యాడినించి వస్తుంది? నాకు ఏనాడూ లేదు. ఇది మాత్రం అల్లింది కాదు. అల్లింటే ఇంతకన్నా బాగా ముగించేవాణ్ణి.

మా అక్క మొగుడు లుంగీల మగ్గాలు నడిపేవాడు. ప్రతి లుంగీ లేబుల్ మీదా ఆయన సెల్ నెంబరు అచ్చేయించినాడు. కేరళ వ్యాపారులు ఆ నెంబరుకే సరుకు చెప్పేవాళ్ళు. వాళ్ళకు మనిషి ముఖం తెలీదు, నెంబరూ గొంతూ తెలుసు.

వేలూరు ఆసుపత్రిలో బావ ఆఖరి మాట, "నేను పోతే మగ్గాలు దించేయండి. ఆడదాని చేతిలో వద్దు." అక్క పక్కనే కూర్చుని వినింది. కర్మలైన మర్నాడే మగ్గం ఎక్కింది. ఆమెకు ఇంకో బతుకుదెరువు లేదు.

అంతలో మా వీధిలో ఆ సిమ్ కంపెనీ సిగ్నల్ పడిపోయింది. ఫోన్లు అందక సరుకు బేరం పక్క వీధి మగ్గాలకు పోతా ఉండింది. నెంబరు మార్చితే లేబుళ్ళన్నీ దండగ. అందుకని నెంబరు అట్లే ఉంచి కంపెనీ మార్చాలనుకున్నాము. ఎప్పుడో ఆ సిమ్ తీసిచ్చింది నేనే, నా పేరుతోనే ఉండాది. పోర్ట్ కోడు తెప్పించి, కొత్త కంపెనీ అంగట్లో వేలిముద్ర వేసి కొత్త సిమ్ము తెచ్చినా.

"మధ్యలో కొన్ని గంటలు పాతదీ పలకదు, కొత్తదీ పలకదు. కంగారు పడొద్దన్నా," అన్నాడు అంగడాయన.

నాలుగోనాడు పొద్దున పదికి పాతది ఆగిపోయింది. తీసి జేబులో వేసుకుని, కొత్తది ఫోన్లో పెట్టినా. ఫోను నాకూ అక్కకూ మధ్య లుంగీల కట్ట మీదే ఉండింది. నేను అన్నానికి కూడా లేవలేదు.

సాయంత్రం నాలుగుకు సిగ్నల్ వచ్చింది. వెంటనే కోళికోడు వ్యాపారి ఫోను, అక్క ఎత్తింది. బావ పోయిన సంగతి ఆయనకు మేము చెప్పలేదు. స్పీకర్లో అరవంలో అన్నాడు:

"ఏమమ్మా, మధ్యాహ్నం మీ ఆయన చేసినాడే. మగ్గాలు దించేసినాము, ఇంక అడగొద్దు అన్నాడు. నేను వేరేచోట చెప్పేసినా. ఆయనకు ఆ దగ్గేంది, మాట మాటకూ?"

ఆ దగ్గు ఆఖరి నెలలో పట్టుకుంది. ఆ నెలంతా బావ ఫోన్ ముట్టలేదు.

అక్క నా వైపు చూసింది. "ఒరే, గొంతులు మార్చేది నీకు అలవాటు కదా. ఇది నీ పనేనా?" అని, మళ్ళీ తానే, "ఎదురుగానే ఉండావు కదరా," అనింది.

తరవాత ఫోన్లో, "ఆయన పోయి నలభై దినాలైందన్నా," అని చెప్పింది. వ్యాపారి ఫోన్ పెట్టేసినాడు. మళ్ళీ సరుకు అడగలేదు.

"బతికుండి చెప్పినప్పుడే వినలా, ఇప్పుడు వింటానా?" అని అక్క మగ్గం గుంటలోకి దిగింది. రెండుసార్లు పోగు తెగింది. ముడేసుకుంది.

ఆ వ్యాపారిని బతిమాలితే తన ఫోన్ తెర ఫోటో పంపినాడు. మా నెంబరే. మధ్యాహ్నం ఒంటిగంట దాటినాక వచ్చిన ఫోను, నాలుగు నిముషాలు మాట్లాడినట్టు ఉండింది. కంపెనీలు రెండింటినీ అడిగినా. ఆ పూట ఆ నెంబరు నించి ఫోనే పోలేదన్నారు.

ఎవరు మాట్లాడినారో నాకు ఈ పొద్దుటికీ తెలీదు. అక్క మగ్గాలు నడుపుతానే ఉండాది. ఫోన్ మోగితే ఎత్తుతుంది. అవతలి గొంతు వినపడేదాకా మాత్రం నోరు తెరవదు.